మాల్టా నుంచి యూరోపియన్ పార్లమెంట్‌కు ఆరుగురు: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యధరా సముద్రంలో, ఇటలీలోని సిసిలీ దీవికి దక్షిణాన ఉన్న చిన్న దేశం మాల్టా. 2021 జనాభా లెక్కల్లో ఆ దేశ జనం 5,19,562 మంది. మన దగ్గర ఒక్క లోక్‌సభ నియోజకవర్గంలో ఉండే ఓటర్లలో మూడో వంతు కూడా ఉండరు. అలాంటి దేశం ఐదేళ్లకోసారి ఆరుగురు ఎంపీలను ఎన్నుకుని యూరోపియన్ పార్లమెంట్‌కు పంపుతుంది. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు, ఇక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టొచ్చు, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## మొదట తెలుసుకోవాల్సినవి

మాల్టాకు సొంత పార్లమెంటు ఉంది కదా, మళ్లీ ఈ యూరోపియన్ పార్లమెంట్ ఎందుకు?

రెండూ వేర్వేరు. దేశాన్ని నడిపే ప్రభుత్వం రాజధాని వలెట్టాలోని పార్లమెంటు నుంచి వస్తుంది. యూరోపియన్ పార్లమెంట్ యూరోపియన్ యూనియన్ అనే 27 దేశాల కూటమి మొత్తానికి చట్టాలు చేసే సభల్లో ఒకటి. సభ్యదేశాల మంత్రుల మండలితో కలిసి చట్టాలు ఆమోదిస్తుంది, కూటమి బడ్జెట్‌పై ఓటేస్తుంది, కూటమి పాలన చూసే యూరోపియన్ కమిషన్‌ను ఆమోదించాలా వద్దా తేలుస్తుంది. ఫోన్ రోమింగ్ ఛార్జీల నుంచి చేపల వేట నిబంధనల దాకా మాల్టా జనం రోజూ చూసే చాలా విషయాలు అక్కడే తేలతాయి. అందుకే ఈ ఎన్నికను రెండో రకం ఎన్నికగా చూడడం నాకు నచ్చదు.

మాల్టా ఎప్పటి నుంచి ఈ ఎన్నికల్లో పాల్గొంటోంది?

2003 మార్చి 8న కూటమిలో చేరాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 53 శాతానికి పైగా చేరాలన్నారు. 2004 మే 1న దేశం సభ్యత్వం తీసుకుంది. ఆరు వారాలకే, జూన్ 12న, మొదటి యూరోపియన్ ఎన్నిక వచ్చేసింది. తర్వాత 2009, 2014, 2019, 2024లో జరిగాయి.

ఆ ప్రజాభిప్రాయ సేకరణలో చేరొద్దని ప్రచారం చేసిన లేబర్ పార్టీ నాయకుడు, మాజీ ప్రధాని ఆల్‌ఫ్రెడ్ సాంట్ తర్వాత 2014లో అదే యూరోపియన్ పార్లమెంట్‌కు పోటీ చేసి గెలిచారు, 2024 దాకా సభ్యుడిగా ఉన్నారు. చేరాలా వద్దా అన్న గొడవ ఆ దేశంలో ఎంత పూర్తిగా సద్దుమణిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంత చిన్న దేశానికి ఆరు సీట్లా? జర్మనీకి అన్యాయం కాదా?

జనాభాను బట్టి లెక్క కడితే అన్యాయమనే అనిపిస్తుంది. 2024లో ఎన్నికైన సభలో మొత్తం 720 సీట్లు. జర్మనీకి 96, మాల్టాకు 6. జర్మనీలో ఒక ఎంపీ దాదాపు ఎనిమిదిన్నర లక్షల మందికి ప్రతినిధి అయితే, మాల్టాలో 90 వేల మందికి ఒకరు.

కానీ ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలనే పెట్టిన పద్ధతి. ఏ దేశానికీ 6 కంటే తక్కువ, 96 కంటే ఎక్కువ ఉండకూడదని కూటమి ఒప్పందంలోనే రాసుకున్నారు. అచ్చంగా జనాభా ప్రకారం పంచితే మాల్టాకు ఒక్క సీటు కూడా గట్టిగా దక్కదు. ఆ ఒక్కరే ఎన్ని స్థాయీ సంఘాల్లో కూర్చోగలరు? ప్రతిపక్షం మాటేమిటి? ఆరుగురు ఉన్నారు కాబట్టే దేశంలోని రెండు ప్రధాన పక్షాల గొంతూ అక్కడ వినిపిస్తోంది. ఈ విషయంలో నేను చిన్న దేశాల పక్షమే.

మొదట్లో ఐదు సీట్లే అని చదివాను. ఆరోది ఎలా వచ్చింది?

నిజమే. 2004లో, 2009లో ఐదుగురినే ఎన్నుకున్నారు. కూటమి నియమాలను మార్చుతూ 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ఆరో సీటు ఇచ్చింది. 2009 ఎన్నికలో ఆరో స్థానంలో నిలిచిన జోసెఫ్ కుస్కియేరికి ఆ సీటు దక్కింది. కాగితాల పని పూర్తయ్యేసరికి ఆయన 2011 డిసెంబరు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

## ఓటు ఎవరికి ఉంటుంది

నేను భారత పౌరుణ్ని, మాల్టాలో వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. పన్ను కడుతున్నాను. నాకు ఓటుందా?

లేదు. ఎన్నేళ్లు ఉన్నా, ఎంత పన్ను కట్టినా ఈ ఎన్నికలో ఓటు మాల్టా పౌరులకు, అక్కడ నివసిస్తూ ఓటరుగా నమోదైన ఇతర సభ్యదేశాల పౌరులకే. ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, డెలివరీ బళ్లు నడిపే కుర్రాళ్లు ఆ దేశపు రోజువారీ బతుకును మోస్తున్నారు. వాళ్ల తరఫున అడిగేవాళ్లు బ్యాలెట్‌లో లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. కానీ చట్టం మాత్రం ఇదే.

మాల్టా పౌరసత్వం తీసుకుంటే ఓటు వస్తుంది. అయితే భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి మన పాస్‌పోర్టు వదులుకోవాలి. ఆ తర్వాత కావాలంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు.

మా అన్నయ్య లండన్‌లో ఉన్నప్పుడు యూరోపియన్ ఎన్నికలో ఓటు వేశానన్నాడు. అతనూ భారత పౌరుడే. అదెలా?

ఆయన చెప్పింది నిజమే. బ్రిటన్ కూటమిలో ఉన్నన్నాళ్లూ, తమ గడ్డ మీద చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు ఈ ఎన్నికలోనూ ఓటు ఇచ్చింది. 2019 మేలో అక్కడ జరిగిన చివరి యూరోపియన్ ఎన్నిక దాకా ఈ హక్కు ఉంది. స్పెయిన్ దక్షిణపు కొసన బ్రిటన్ అధీనంలో ఉన్న జిబ్రాల్టర్ విషయంలో స్పెయిన్ కేసు వేస్తే, అలా ఇవ్వడం తప్పు కాదని 2006లో కూటమి న్యాయస్థానం తేల్చింది. ఎవరికి ఓటు ఇవ్వాలన్నది చాలావరకు ఆయా దేశాల చేతిలోనే ఉందన్నమాట. మాల్టా కూడా కామన్వెల్త్ దేశమే, కానీ బ్రిటన్ దారిలో నడవలేదు.

ఓటు వయసు 16 అంటున్నారు, నిజమేనా?

నిజమే. 2018లో చట్టం మార్చి అన్ని ఎన్నికలకూ 16 ఏళ్లు చేశారు. అలా మారాక వచ్చిన మొదటి యూరోపియన్ ఎన్నిక 2019ది. కూటమిలో అంతకుముందే ఈ పని చేసిన దేశం ఆస్ట్రియా. 2024 ఎన్నికకు జర్మనీ, బెల్జియం కూడా 16కు వచ్చాయి, గ్రీసులో 17.

ఇటలీ పౌరుడు మాల్టాలో ఉంటే ఏ దేశానికి ఓటు వేయాలి?

ఏదో ఒకటి ఎంచుకోవాలి. మాల్టాలో పేరు నమోదు చేయించుకుంటే మాల్టా అభ్యర్థులకు, లేకపోతే ఇటలీ అభ్యర్థులకు. రెండుచోట్లా వేస్తే నేరం.

మా ఫ్రెండ్ మాల్టా పౌరుడు, బ్రస్సెల్స్‌లో పనిచేస్తున్నాడు. పోస్టల్ బ్యాలెట్ పంపొచ్చా?

పంపలేరు. మాల్టాలో పోస్టల్ ఓటు లేదు, రాయబార కార్యాలయంలో పోలింగూ లేదు. దేశానికి వచ్చి వేయాల్సిందే. అందుకే ఎన్నికలప్పుడు జాతీయ విమానయాన సంస్థ ఓటర్లకు రాయితీ టికెట్లు ఇస్తుంది. పోలింగ్ రోజున విదేశంలో ఉండబోయేవాళ్లు ముందే దరఖాస్తు చేసుకుంటే, వారం ముందు దేశంలోనే ఓటేసి వెళ్లే వీలుంది.

## పోటీ, ప్రచారం

నియోజకవర్గాలు ఎన్ని?

ఒక్కటే. దేశమంతా ఒకే నియోజకవర్గం. ఉత్తరాన ఉన్న గోజో దీవికి ప్రత్యేకంగా సీటు లేదు. అక్కడి వాళ్లూ ఆ ఆరుగురి కోసమే ఓటేస్తారు. దేశ పార్లమెంటుకైతే 13 జిల్లాల నుంచి ఎన్నిక జరుగుతుంది, పద్ధతి మాత్రం ఒకటే.

ఎన్ని పార్టీలు? స్వతంత్రులు గెలిచే అవకాశం ఉందా?

అసలు పోటీ రెండు పార్టీల మధ్యే. ఎరుపు రంగు లేబర్ పార్టీ, నీలం రంగు నేషనలిస్ట్ పార్టీ. ఊరి బ్యాండు క్లబ్బు నుంచి టీవీ ఛానల్ దాకా దేశమంతా ఈ రెండు రంగులే. యూరోపియన్ సీటు ఇప్పటిదాకా మూడో పార్టీకి గానీ స్వతంత్రుడికి గానీ దక్కలేదు.

దగ్గరగా వచ్చింది 2004లో. గ్రీన్ పార్టీ అయిన ఆల్టర్నాటివా డెమోక్రాటికా అభ్యర్థి ఆర్నల్డ్ కస్సోలాకు 22,938 మొదటి ప్రాధాన్య ఓట్లు, అంటే 9 శాతానికి పైగా వచ్చాయి. అయినా గెలవలేదు. ఆయన ఆ తర్వాత కూడా బరిలోకి దిగుతూనే ఉన్నారు, 2024లో స్వతంత్రుడిగా. 2024లో రెండు పెద్ద పార్టీలకు కలిపి 87 శాతం ఓట్లే వచ్చాయి. అంటే ఎనిమిది మందిలో ఒకరు పక్కకు చూశారు. రెండు రంగుల దేశంలో అది చిన్న విషయం కాదు.

ఒక పార్టీ ఎంతమందిని నిలబెట్టొచ్చు? ఆరు సీట్లకు ఆరుగురేనా?

అలాంటి లెక్కేమీ పెట్టుకోరు. సీట్లకంటే ఎక్కువ మందిని కూడా నిలబెడతారు. 2019లో, 2024లో బ్యాలెట్ మీద 40 మందికి అటూ ఇటూగా పేర్లున్నాయి. పార్టీవారీగా గుంపులుగా, గుంపులో అక్షర క్రమంలో ముద్రిస్తారు.

దీనివల్ల ప్రచారం వింతగా ఉంటుంది. అభ్యర్థికి ప్రత్యర్థి పార్టీ వాళ్లతో ఎంత పోటీయో సొంత పార్టీ వాళ్లతోనూ అంతే పోటీ. ఎవరికి వాళ్లు ఇంటింటికీ తిరిగి, 'నాకు మొదటి నంబరు ఇవ్వండి, అది కుదరకపోతే రెండోది ఇవ్వండి' అని అడుగుతారు. పార్టీ అధిష్ఠానం జాబితాలో పైన పేరు పెట్టినంత మాత్రాన గెలిచే పద్ధతి కాదిది. ఓటరు చేతిలో ఇంత అధికారం పెట్టిన పద్ధతి యూరప్‌లో చాలా అరుదు, ఐర్లండ్‌లో ఉంది, మాల్టాలో ఉంది.

## పోలింగ్ రోజు

పోలింగ్ ఎప్పుడు, ఏ సమయంలో?

కూటమి మొత్తంలో గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజుల్లో ఏ దేశం దాని అలవాటు ప్రకారం పెట్టుకుంటుంది. మాల్టాది శనివారం. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. 2019లో, 2024లో స్థానిక మండళ్ల ఎన్నికలు కూడా అదే రోజు జరిగాయి.

ఐడీ కార్డు చూపిస్తే సరిపోతుందా?

సరిపోదు. ప్రతి ఎన్నికకూ ఓటరు ఫొటోతో ప్రత్యేకంగా ఓటింగ్ పత్రం ఇస్తారు. పోలింగ్ బూత్‌లో అది చూపించాల్సిందే. దాన్ని పోలీసులే ఇంటింటికీ తెచ్చి ఇస్తారు. మనకు పోలీసు తలుపు తడితే టెన్షన్, అక్కడ ఆ రోజుల్లో ఓటు పత్రం వచ్చిందని అర్థం. ఇంట్లో లేనప్పుడు వచ్చి వెళ్లిపోతే, గడువులోగా మనమే వెళ్లి తీసుకోవాలి.

బ్యాలెట్ పేపరు మీద ఏం రాయాలి? ముద్ర వేయాలా?

ముద్ర కాదు, అంకెలు. బాగా నచ్చినవారి పక్కన 1, తర్వాతివారికి 2, ఆ తర్వాత 3, ఇలా ఎంతమందికి కావాలంటే అంతమందికి. ఒక్క 1 వేసి ఆపేసినా ఓటు చెల్లుతుంది. 1 లేకుండా 2, 3 వేస్తే మాత్రం చెల్లదు. ఒక పార్టీ వాళ్లకే వేయాలన్న నియమం లేదు. 1 నీలానికి, 2 ఎరుపుకి, 3 స్వతంత్రుడికి ఇచ్చినా ఎవరూ అడగరు.

తెలుగు రాష్ట్రాల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అంకెలు వేయడం, మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం, ఎలిమినేషన్ అన్నీ అవే మాటలు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ పడితే జంబో బ్యాలెట్ పెట్టెలు తెప్పించాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే, మన పట్టభద్రుల స్థానంలో గెలిచేది ఒక్కరే, మాల్టాలో అదే బ్యాలెట్ నుంచి ఆరుగురు గెలుస్తారు. ఆ విధంగా చూస్తే, ఎమ్మెల్యేలు ఓటేసే మన రాజ్యసభ ఎన్నికకు ఇది ఇంకా దగ్గర.

ఒకరికి 1 వేశాక ఇంకొకరికి 2 వేస్తే, నేను 1 వేసిన వ్యక్తికి నష్టమా?

కాదు. చాలామంది భయపడేది ఇక్కడే. మీ 1 నంబరు అభ్యర్థి ఇంకా పోటీలో ఉన్నంతసేపు మీ 2ను ఎవరూ ముట్టుకోరు. ఆ అభ్యర్థి గెలిచి ఓట్లు మిగిలిపోయినప్పుడో, ఓడి తప్పుకున్నప్పుడో మాత్రమే మీ కాగితంలో తర్వాతి అంకె చూస్తారు. కాబట్టి 2, 3, 4 వేయడం వల్ల పోయేదేమీ లేదు. వేయకపోతే మాత్రం మీ కాగితం మధ్యలో ఆగిపోవచ్చు. నా మాట వింటే, కనీసం ఐదారుగురికి అంకెలు వేసి రండి.

## లెక్కింపు

గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలి?

కోటా అని ఒక సంఖ్య ఉంటుంది. చెల్లిన ఓట్లను, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో భాగిస్తారు. వచ్చినదానికి మళ్లీ ఒకటి కలుపుతారు.

చిన్న లెక్కతో చూద్దాం. 700 చెల్లిన ఓట్లు, 6 సీట్లు. 700ను 7తో భాగిస్తే 100, ఒకటి కలిపితే 101. ఆరుగురికి తలా 101 వస్తే 606 అయిపోయాయి, మిగిలినవి 94. ఏడో మనిషికి 101 వచ్చే దారే లేదు. అందుకే ఏడుతో భాగించడం. 2024లో సుమారు 2 లక్షల 60 వేల ఓట్లు చెల్లాయి కాబట్టి కోటా దాదాపు 37 వేల దగ్గర తేలింది.

రొబెర్తా మెత్సోలాకు 87 వేల ఓట్లు వచ్చాయి కదా. కోటా 37 వేలైతే మిగతావి వృథాయేనా?

వృథా కావు, ఈ పద్ధతి అందమంతా ఇందులోనే ఉంది. 2024లో నేషనలిస్ట్ పార్టీ అభ్యర్థి మెత్సోలాకు 87,473 మొదటి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి. యూరోపియన్ ఎన్నికల్లో మాల్టా అభ్యర్థికి అంతకుముందెన్నడూ అన్ని రాలేదు. ఆ పార్టీకి పడిన 1,09,351 ఓట్లలో పదింట ఎనిమిది ఆమెవే.

కోటాకు సరిపడా ఓట్లు ఆమెకు ఉంచి, మిగిలిన దాదాపు 50 వేల ఓట్లను ఆమె ఓటర్లు 2 ఎవరికి వేశారో చూసి అదే నిష్పత్తిలో పంచారు. అందులో ఎక్కువ భాగం ఆమె పార్టీలోని మిగతా అభ్యర్థులకు చేరింది. ఆమెతోపాటు పీటర్ అజియుస్, డేవిడ్ కాసా గెలిచారు. కాసా 2004 నుంచి జరిగిన ఐదు ఎన్నికల్లోనూ గెలిచిన మనిషి. మెత్సోలా ఓటర్లు 1 వేసి ఊరుకుని ఉంటే ఆ పార్టీకి మూడు సీట్లు వచ్చేవి కావు.

లేబర్‌కు ఎక్కువ ఓట్లు వచ్చినా సీట్లు చెరి మూడు ఎలా అయ్యాయి?

2024లో తేడా 8,454 ఓట్లే. కోటా 37 వేలు ఉన్నచోట ఆ తేడాతో అదనపు సీటు రాదు. 2019లో లేబర్ ఆధిక్యం 42 వేలు దాటింది, అందుకే అప్పుడు 4-2 అయింది. దేశ పార్లమెంటు ఎన్నికలో ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీకి సీట్లు కలిపి సరిచేసే ఏర్పాటు ఉంది, యూరోపియన్ ఎన్నికకు అది లేదు.

ఎవరికీ కోటా రాకపోతే?

అందరికంటే తక్కువ ఓట్లున్న అభ్యర్థిని తప్పించి, ఆ కాగితాల్లో తర్వాతి అంకె ఎవరిదో వాళ్లకు కలుపుతారు. ఆరు సీట్లు నిండేదాకా ఇలా రౌండు తర్వాత రౌండు సాగుతుంది.

ఫలితం ఆలస్యం ఎందుకు? శనివారం పోలింగైతే ఆదివారం రాత్రి దాకా ఆగాలా?

కూటమిలో చివరి దేశంలో పోలింగ్ ముగిసేదాకా ఏ దేశమూ అధికారికంగా ఫలితం ప్రకటించకూడదు. ఆ సమయం ఆదివారం రాత్రి 11 గంటలు.

అయితే ఎవరు గెలిచేదీ అంతకు చాలాముందే తెలిసిపోతుంది. లెక్కింపు నషార్ పట్టణంలోని ఒక పెద్ద హాలులో జరుగుతుంది. సిబ్బందికీ పార్టీ ఏజెంట్లకూ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ గోడ ఉంటుంది. ఏజెంట్లు ఆ గోడకు అతుక్కుని, అవతల కనిపించే కాగితాలను చూసి టిక్కులు పెట్టుకుంటూ నమూనా లెక్కలు వేస్తారు. తమ పార్టీ గెలుస్తోందని తేలగానే గోడను రెండు చేతులతో దబదబా బాదుతారు. అధికారిక ప్రకటనకన్నా ముందు ఆ చప్పుడే దేశానికి ఫలితం చెబుతుంది. 2019 నుంచి కాగితాలను యంత్రాలతో స్కాన్ చేసి లెక్కిస్తున్నారు, గోడ మాత్రం అలాగే ఉంది.

ఎంతమంది ఓటేస్తారు?

2004లో 82 శాతం, 2024లో 73 శాతం. తగ్గుతూ వచ్చి 2019లో ఇంకా కిందికి దిగి, మళ్లీ కొంచెం నిలబడింది. 2024లో కూటమి సగటు 51 శాతం దగ్గరే ఉంది. మాల్టాలో ఓటు వేయడం తప్పనిసరేమీ కాదు.

## గెలిచాక

720 మందిలో ఆరుగురు ఏం సాధిస్తారు?

అక్కడ దేశాలవారీగా కూర్చోరు. ఒకే తరహా ఆలోచన ఉన్న పార్టీల గ్రూపులుగా కూర్చుంటారు. మాల్టా లేబర్ సభ్యులు సోషలిస్టుల గ్రూపులో, నేషనలిస్టులు యూరోపియన్ పీపుల్స్ పార్టీ గ్రూపులో ఉంటారు. తమ గ్రూపును ఒప్పించగలిగితే ఒక్క సభ్యుడి వెనుక వందకు పైగా ఓట్లు నిలుస్తాయి. స్థాయీ సంఘంలో నివేదిక రాసే బాధ్యత దక్కితే ఆ చట్టం ప్రతి వాక్యంలోనూ చేయి వేయొచ్చు.

2022 జనవరి 18న మెత్సోలా యూరోపియన్ పార్లమెంట్ అధ్యక్షురాలయ్యారు. అది ఆమె 43వ పుట్టినరోజు. ఆ పదవికి వచ్చినవాళ్లలో అంత చిన్న వయసువారు లేరు. 2024 జులైలో మళ్లీ ఎన్నికయ్యారు. కూటమిలో అన్నిటికంటే చిన్న దేశం నుంచి వచ్చిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నారంటే, సీట్ల సంఖ్యే సర్వస్వం కాదని ఒప్పుకోవాలి.

మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే ఉప ఎన్నిక వస్తుందా?

మన దగ్గరలా మళ్లీ పోలింగ్ ఉండదు. ఖాళీ చేసిన సభ్యుణ్ని గెలిపించిన బ్యాలెట్ కాగితాలనే మళ్లీ బయటికి తీస్తారు. ఆ ఎన్నికలో ఓడినవాళ్లలో ఇష్టమున్నవారు నామినేషన్ వేస్తారు. ఆ కాగితాల్లో తర్వాతి ప్రాధాన్యం ఎవరికి ఎక్కువగా ఉందో చూసి సీటు ఇస్తారు. 2020లో మిరియం డల్లి రాజీనామా చేసినప్పుడు సైరస్ ఎంజెరర్ ఇలాగే వచ్చారు.

మెత్సోలా కూడా ఈ దారిలోనే మొదటిసారి లోపలికి వచ్చారు. 2004లో, 2009లో పోటీ చేసి ఓడారు. సైమన్ బుసుట్టిల్ తప్పుకోవడంతో 2013లో సీటు దక్కింది. 2009లో ఎవరో ఓటర్లు బుసుట్టిల్ తర్వాత ఆమె పేరు పక్కన వేసిన అంకెలు, నాలుగేళ్ల తర్వాత లెక్కకొచ్చాయి.

మహిళలు ఎంతమంది గెలిచారు?

2004లో, 2009లో ఒక్కరూ లేరు. 2013లో ఖాళీల భర్తీతో మొదలై, 2014లో ఆరుగురిలో నలుగురు మహిళలే గెలిచారు. 2024లో ఒక్కరే. యూరోపియన్ ఎన్నికకు మహిళా రిజర్వేషన్ లేదు, ఏ ఏటికాయేడు అభ్యర్థులను బట్టే. పదేళ్లలో నాలుగు నుంచి ఒకటికి పడిపోవడం మీద ఆ దేశంలో జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

యూరోపియన్ ఎంపీగా ఉంటూ దేశ పార్లమెంటులో కూడా ఉండొచ్చా?

కుదరదు, ఒకటి వదులుకోవాలి.

జీతం ఎంత?

2009 నుంచి అన్ని దేశాల సభ్యులకూ ఒకటే జీతం. పన్నులకు ముందు నెలకు 10 వేల యూరోలు దాటుతుంది.

వచ్చే ఎన్నిక ఎప్పుడు? సీట్లు తగ్గే ప్రమాదం ఉందా?

2029లో. కొత్త దేశాలు చేరినా, జనాభా మారినా ఎన్నికకు ముందు సీట్లను మళ్లీ పంచుతారు. పెద్ద, మధ్యస్థ దేశాలకు ఒకటీ రెండూ అటూ ఇటూ కావొచ్చు. మాల్టాకు మాత్రం ఆరు తగ్గవు. ఆ కనీస సంఖ్య ఒప్పందంలోనే ఉంది, దాన్ని మార్చాలంటే మాల్టాతో సహా అన్ని దేశాలూ ఒప్పుకోవాలి.